గొంతులో గోటిగాటు

నానిన అనపగింజల గిన్నె ఇద్దరి మధ్యా ఉంది. సుధామణి ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య పట్టి పితుకుతోంది. పప్పు జారి చేటలో పడుతోంది. తోలు చేతిలో మిగులుతోంది. ఎదురుగా కూర్చుని అత్త వరమ్మ కూడా అదే పని చేస్తోంది.

చేతులు ఆగకుండా కదులుతున్నాయి. మాటలు మాత్రం లేవు.

పోయిన గురువారం హోసూరు ఆస్పత్రి నుంచి సుధామణి కూతురు లోషిణిని ఆపరేషన్ కాకుండానే ఇంటికి తెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి సుధామణి అత్తతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. వరమ్మ అవసరానికి కూడా మాట్లాడటం లేదు.

లోషిణి గోడవారన చాప మీద బోర్లా పడుకుని నెమలి బొమ్మకు రంగు వేస్తోంది. ఒకటో క్లాసు చదివే పిల్ల. నోరు తెరిచే ఉంది. ఆ నోరు మూసుకుని ఉండగా చూసి చాలా కాలమైంది. ముక్కు ముఖానికి అలంకారంగా ఉందే తప్ప దానితో పని జరగడం లేదు. ఊపిరి గొరగొరమంటూ నోటితోనే లోపలికి పోయి, నోటితోనే బయటికి వస్తోంది. పెదవులు ఎండి పొరలు లేచాయి.

"మధ్యాన్నం బస్సుకు పోవాల," అంది సుధామణి గిన్నెలోకి చూస్తూ. "డాక్టరమ్మ ఈ పొద్దు గొంతు చూస్తానని చెప్పినాది. పుండు మానుంటే రేపు పొద్దున్నే చేసేస్తారంట."

వరమ్మ ఇంకో గింజ పితికింది.

"జ్వరం లేదు. ఇప్పుడే చూసినాను. పొద్దున లేచినప్పటి నుంచి బిడ్డ నా కండ్ల ముందరనే ఉండాది. ఈసారి దాని నోట్లో ఎవురూ వేలు పెట్టేది లేదు."

"ఉప్పు డబ్బా యాడ పెట్టినావు?" అంది వరమ్మ.

"ఉండే చోటనే ఉండాది."

వరమ్మ లేచి ఉప్పు డబ్బా తీసుకుంది. సుధామణి చెయ్యి ఆగింది. ఈ రోజు గురువారం. ఉప్పు ఎందుకో ఆమెకు తెలుసు.

* * *

ఉద్దనపల్లిలో గొంతునొప్పి వచ్చిన పిల్లలను గురు, ఆది వారాల్లో వరమ్మ దగ్గరికి తీసుకొస్తారు. పరగడుపున రావాలి. చూపుడువేలికి ఉప్పూ పసుపూ అద్ది, నోట్లో పెట్టి, గొంతులో ఉబ్బిన గడ్డలను అటొకసారి, ఇటొకసారి ఒత్తుతుంది. పిల్ల కక్కుతుంది, ఏడుస్తుంది, ఉమ్మేస్తుంది. తల్లి ఆకూవక్కా పెట్టి తీసుకుపోతుంది. శూలగిరి వైపు నుంచి కూడా వస్తారు. వరమ్మది మంచి చెయ్యి అంటారు.

ఆ చేతికి ఒక కట్టుబాటు ఉంది. సొంత రక్తం మీద అది పనిచెయ్యదు. వరమ్మ అత్త ఆమెకు పని నేర్పేటప్పుడే చెప్పింది. అందుకే వరమ్మ తన కొడుకు మాదేశ్‌ను చిన్నప్పుడు బేరిగైలో ఇంకో ముసలామె దగ్గరికి ఎత్తుకుపోయి ఒత్తించింది. మనవరాలు లోషిణి గొంతును ఆమె ఏనాడూ తాకలేదు.

తాకలేదనే సుధామణి కూడా అనుకునేది, పోయిన వారం దాకా.

ఆ రోజు ఆపరేషన్ గది బయట నర్సు లోషిణికి పచ్చ గౌను తొడిగింది. మత్తు ఇచ్చే సారు వచ్చి నోరు తెరవమన్నాడు. లైటు వేసి చూసి, ఏమీ అనకుండా డాక్టరమ్మను పిలిచాడు. ఆమె కూడా చూసింది.

"ఎవరమ్మా లోపల వేలు పెట్టింది?"

సుధామణికి అర్థం కాలేదు.

"ఎడమవైపు గడ్డ మీద గోరు దిగింది. లోతుగా గీసుకుంది. చుట్టూ వాచిపోయింది, ఇంకా రక్తం ఊరుతోంది. దీని మీద నేను కత్తి పెట్టలేను. ఎవరు చేశారు?"

సుధామణి భర్త వైపు చూసింది. మాదేశ్ నేలకేసి చూశాడు. తర్వాత అన్నాడు:

"మా అమ్మ ఊర్లో గొంతులు ఒత్తుతుంది మేడమ్."

అంతే అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. అది చాలింది.

డాక్టరమ్మ తిట్టలేదు. ఆ గడ్డలు బయటి నుంచి వచ్చిన చెత్త కాదనీ, ఒంట్లో భాగమేననీ, ఒత్తితే పోవనీ చెప్పింది. ఎక్స్‌రే పైకెత్తి, ముక్కు వెనకాల పెరిగిన కండను మళ్ళీ చూపించింది. ఊపిరి పోయే దారి అక్కడ దారంలా సన్నబడి ఉంది. దాన్నీ, గొంతులో రెండు గడ్డలనూ ఒకేసారి తీసేస్తే పిల్ల నోరు మూసుకుని నిద్రపోతుంది, చెవుల్లో నీరు కూడా తగ్గుతుంది అంది. మందులు రాసి, వచ్చే గురువారం రమ్మంది.

ఇంటికి రాగానే సుధామణి వాకిట్లోనే అత్తను నిలబెట్టింది. పేరు పోతుందనే కదా చేసినావు అంది. మనవరాలికి హోసూరులో కోత అయితే ఊర్లో ఎవరూ నీ గడప తొక్కరని భయపడినావు అంది. ఇంకా చాలా అంది. ఎదురింటి వాళ్ళు పని మానుకుని విన్నారు.

వరమ్మ ఒక్కసారి కొడుకు ముఖం చూసింది. ఆ తర్వాత లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

* * *

"వరమ్మక్కా, ఉండావా?"

వచ్చింది పుట్టమ్మ. మనవరాలిని చంకనెత్తుకుంది. ఆమె వెనక ఇంకా ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు. అందరూ వసారాలో కూర్చున్నారు.

"పిల్ల ఎంగిలి గూడా మింగడంల్యా అక్కా. పరగడుపుననే తెచ్చినాను. పాలు అడిగి ఏడ్చినా ఇయ్యలేదు."

"కూర్చో. వస్తా ఉండా."

పుట్టమ్మ కూర్చుంది. ఆమె నోరు మాత్రం కూర్చోలేదు.

"ఒగ మాట అడిగితే కోపం చేసుకోబాకు. మీ పాప గొంతు హోసూరులో కోస్తారంట గదా."

"అడిగేసినావు గదా. ఇంక కోపమేముంది."

"అది గాదక్కా. మీ ఇంటి గొంతుకేమో హోసూరు డాక్టరు, మా ఇంటి గొంతుకేమో నీ వేలా?"

వెనకనున్న ఆడవాళ్ళలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా చెయ్యి నా రక్తానికి పనిచెయ్యదు పుట్టమ్మా. నీకు తెలీనిదా? నా కొడుకునే బేరిగైకి ఎత్తుకోనిపోయినాను."

"అట్లయితే మనవరాలినీ ఆడికే ఎత్తుకోనిపోవాల్సింది."

"ఆ ముసలామె చచ్చిపోయింది."

"నీ కోడలు మాత్రం నువ్వే ఒత్తినావని వీధంతా వినేటట్లు చెప్పినాదే."

వరమ్మ ఉప్పు డబ్బా తీసుకుని బయటికి వచ్చింది. వసారా మెట్టు మీద కూర్చుని, మెట్టు రాతికి చూపుడువేలి గోరు ఆనించి రుద్దడం మొదలుపెట్టింది. ఎవరి గొంతు ఒత్తడానికి ముందైనా ఆమె చేసే పనే అది. గోరు కండ అంచు దాకా అరిగేవరకు రుద్దుతుంది. తర్వాత ఆ వేలిని తన చెంప మీద గీసి చూసుకుంటుంది. గరుకు తగిలితే మళ్ళీ రుద్దుతుంది.

సుధామణి చెంబుతో నీళ్ళూ, పసుపు గిన్నే తెచ్చింది. అత్తతో పోట్లాటైనా, వచ్చినవాళ్ళకు నీళ్ళు ఇవ్వకుండా ఉండటం ఆమెకు చేతకాదు. చెంబు దించబోతూ ఆగింది.

పెళ్ళై వచ్చినప్పటి నుంచి గురువారాలు, ఆదివారాలు ఆమె ఈ రుద్దుడు చూస్తూనే ఉంది. ఎన్నిసార్లు చూసిందో అన్నిసార్లూ చూడకుండానే దాటిపోయింది. ఇప్పుడు మాత్రం నిలబడి చూసింది.

వరమ్మ చూపుడువేలికి గోరు లేదు. ఉన్నది గోరు అనిపించుకోదు. చిన్నపిల్లల వేలికొనలా మెత్తగా, గుండ్రంగా ఉంది.

గోరు దిగింది అంది డాక్టరమ్మ. లోతుగా గీసుకుంది అంది.

సుధామణి చెంబు అక్కడే దించింది. అందులోంచి కొంచెం నీళ్ళు మెట్టు మీద ఒలికాయి. ఇంట్లోంచి పెరటి వైపు నడిచింది.

వరమ్మ రుద్దడం ఆపి ఆమె పోయిన వైపే చూసింది.

"కొంచేపు కూర్చోండి," అంది పుట్టమ్మ వాళ్ళతో. లేచి తనూ లోపలికి వెళ్ళింది.

* * *

పెరట్లో మాదేశ్ బండి చైనుకు నూనె వేస్తున్నాడు. హోసూరులో బ్రేకులు చేసే కంపెనీలో పని. ఈ వారం మధ్యాహ్నం షిఫ్ట్.

"బస్సు వద్దులే, నేనే దింపుతా అని నిన్న చెప్పినావు," అంది సుధామణి.

"షిఫ్ట్ మార్చుకునేదానికి కుదర్లేదు. సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు."

"నీ చెయ్యి చూపించు బావా."

"ఏంటికి?"

"చూపించు."

"గ్రీసు ఉండాది," అంటూ ఎడమచెయ్యి చాపాడు.

"ఆ చెయ్యి గాదు."

మాదేశ్ కుడిచెయ్యి వెంటనే చాపలేదు. గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకోసాగాడు. చూపుడువేలి గోరు పెరిగి ఉంది. మెషిను దగ్గర తగిలి తగిలి దాని అంచు రంపపు పళ్ళలా చీలి ఉంది. సందుల్లో నల్లటి గ్రీసు.

"నువ్వే గదా," అంది సుధామణి.

"ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. ఇప్పుడు నువ్వు చెప్పినావు."

మాదేశ్ గుడ్డను మడిచి బండి సీటు మీద పెట్టాడు. మళ్ళీ తీసి ఇంకో రకంగా మడిచాడు.

"ఆ పొద్దు గురువారం," అన్నాడు చివరికి. "పాప ఏమీ తినకూడదని ఆస్పత్రోళ్ళే చెప్పినారు. నీళ్ళు గూడా ఇయ్యలేదు నువ్వు. పరగడుపు. అమ్మ అందరినీ అడిగేది గూడా అదే గదా, గురువారం, పరగడుపు. అన్నీ ఒగే చోట కుదిరినాయి. దేవుడే కుదిర్చినాడు అనుకున్నాను."

సుధామణి అతని వేలి వైపే చూస్తోంది.

"ఒగసారి ఒత్తితే గడ్డ దిగుతుంది. డాక్టరమ్మ చూసి, ఇంక కోసే పనిలేదు పొండి అంటుంది అనుకున్నాను. అమ్మ చేసేది పుట్టినప్పటి నుంచి చూస్తా ఉండాను. అదేమన్నా పెద్ద విద్యా?"

"నేను యాడున్నాను అప్పుడు?"

"నీళ్ళు పోసుకుంటా ఉన్నావు."

సుధామణికి గుర్తొచ్చింది. తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి లోషిణి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆకలికి ఏడుస్తా ఉండాది అన్నాడు మాదేశ్. ఆస్పత్రి నుంచి వచ్చినాక ఐస్‌క్రీమ్ కొనిస్తానని కూడా అన్నాడు. తాను నమ్మి, పిల్లకు జడ వేసింది.

"నెత్తురు వచ్చినాది గదా."

"ఉమ్మేయమన్నాను. ఉమ్మేసినాది. రెండోసారికి ఆగిపోయింది. నేనూ భయపడినాను సుధా. నా చెయ్యి వణికింది. అందుకే గోరు తగిలింది."

"భయపడి మీ అమ్మ పేరు చెప్పినావు."

"అమ్మ చేసిందని నేను చెప్పలేదు. మా అమ్మ ఊర్లో ఒత్తుతుందని చెప్పినాను. అది నిజమే గదా."

"నిజమే. నువ్వు అబద్ధం చెప్పలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఆ మాటలో కోపం ఉండి ఉంటే మాదేశ్ తల ఎత్తేవాడు.

పెరటి గుమ్మంలో వరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు. సుధామణి ఆమె వైపు తిరిగింది.

"నీకు తెలుసు అత్తా."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఆ పొద్దే. మీరు బస్సెక్కినాక చూసినాను, పసుపు గిన్నె నీళ్ళ తొట్టి మీద ఉండాది. తీసిన సామాను తీసిన చోట పెట్టడం వానికి చిన్నప్పటి నుంచీ రాదు."

"వాకిట్లో నిలబెట్టి అన్ని మాటలన్నాను నిన్ను."

"అన్నావు."

"ఒగ మాట చెప్పుంటే ఏమి పోయింది? నేను గాదు, వాడు అని. ఒగే మాట."

వరమ్మ గుమ్మానికి ఆనుకుంది.

"అత్తను తిడితే తిట్టి మరచిపోతావు. అత్త ఉండేదే అందుకు. మొగుని మీద నమ్మకం పోతే యేం చేస్తావు? యాడికి పోతావు?"

ఆ మాట ఇంకొకరోజు విని ఉంటే సుధామణి కళ్ళలో నీళ్ళు తిరిగేవేమో. ఈ రోజు తిరగలేదు.

"నా కోసం చేసినానని చెప్పబాకు అత్తా. బిడ్డ నెత్తురు ఉమ్మినాది. నువ్వు నీ కొడుకును దాచుకున్నావు. అంతే."

వరమ్మ తిరిగి లోపలికి నడిచింది.

పక్కింటి రేడియోలో తమిళంలో వార్తలు వస్తున్నాయి.

* * *

పితికిన పప్పు చేటలోనే ఉండిపోయింది. పొయ్యి ఎవరూ వెలిగించలేదు. సుధామణి సంచీ తీసి రెండు జతల బట్టలు, తువ్వాలు, ప్లాస్టిక్ గ్లాసు, స్వెటరు సర్దింది.

మాదేశ్ చేతులు కడుక్కుని వచ్చి, టీవీ మీదున్న ఎక్స్‌రే కవరు తీసుకున్నాడు.

"ఈ పొద్దు పోబాకు."

"పుండు మానిందో లేదో చూపించాల గదా."

"పుండు మానింటే రేపు కోస్తామంటారు. అందుకే పోబాకు అంటా ఉండాను."

"నువ్వే గదా ముందర సరే అన్నావు."

"అన్నాను. ఆడ చూసినాక వద్దనిపించింది. మనకు ముందర ఒగ పిల్లోన్ని తోసుకొచ్చినారు చూడు. పెదాల మీద నెత్తురు, కండ్లు తేలేసి. చచ్చినోడి మాదిరి ఉన్నాడు."

"మత్తులో ఉన్నాడు. కొంచేపటికి లేచి వాళ్ళమ్మను అడిగినాడు. నువ్వు టీ తాగేదానికి పోయినావు అప్పుడు."

"మా కంపెనీలో ఏళుమలై చెప్పినాడు, వాళ్ళ అక్క బిడ్డకు ఇదే ఆపరేషను. ఇంటికి తెచ్చినాక నెత్తురు కక్కినాదంట. మళ్ళా ఆస్పత్రికి ఎత్తుకోని పరిగెత్తినారంట."

"ఇప్పుడు ఎట్లుండాది ఆ బిడ్డ?"

మాదేశ్ కవరును ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"బాగుండాది. స్కూలుకు పోతా ఉండాది."

"మరి?"

"మరి ఏమి? కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంట. మనకు ఉండేది ఒగే బిడ్డ. మత్తు సూది ఏసినాక అది లేవకపోతే? ఆ డాక్టరమ్మ కోసేసి బెంగళూరులో వాళ్ళింటికి పోతుంది. నేను యాడికి పోవాల?"

సుధామణి మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. భయం నిజమైనదే. దాన్ని ఆమె కాదనలేదు.

"నాకు మాత్రం భయం లేదా?" అంది నెమ్మదిగా. "రాత్రి అది గురకపెడతా పెడతా టక్కున ఆగిపోతుంది. ఊపిరి ఉండదు. నువ్వు నిద్రపోతా ఉంటావు. నేను దాని వీపు తట్టి లేపతాను. లేచి గుటకేసినట్లు ఊపిరి తీసుకుంటుంది. మళ్ళా పడుకుంటుంది. మళ్ళా ఆగుతుంది. రోజూ లేపతా ఉండాను. ఒగ పొద్దు నేనూ నిద్రపోతే?"

"పెద్దదైతే అదే తగ్గుతుందని అందరూ చెప్తా ఉండారు."

"సరే. దాన్ని పిలువు."

"ఏమి?"

"ఆడ కూర్చోనుండాది గదా. ఈడనుంచే పిలువు. మామూలుగా పిలువు."

లోషిణి ఇటు వీపు పెట్టి కూర్చుని నెమలి తోకకు రంగు వేస్తోంది.

"లోషిణీ," అన్నాడు మాదేశ్.

పిల్ల తిరగలేదు.

"లోషీ."

ఆకుపచ్చ రంగు పెన్సిలు కదులుతూనే ఉంది.

"పాపా! ఇట్ల చూడు!"

ఈసారి గట్టిగానే పిలిచాడు. వసారాలో ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. పుట్టమ్మ మెడ చాచి లోపలికి చూసింది. లోషిణి పెన్సిలు పెట్టెలోంచి నీలం రంగు వెతుక్కుంటోంది.

"టీచరమ్మ పొగరుపిల్ల అనుకున్నాది," అంది సుధామణి. "పిలిస్తే పలకదు, చెప్తే వినదు అని వెనక బెంచీలో కూర్చోబెట్టినాది. వెనక కూర్చుంటే ఇంకా వినపడదు. పెద్దదైతే తగ్గుతుందంటావు. అంతవరకూ అది ఏమి నేర్చుకుంటుంది?"

మాదేశ్ చేతిలో కవరు కొంచెం కిందికి దిగింది. ఒక నిమిషం అతను ఒప్పుకుంటాడేమో అనిపించింది. సుధామణి సంచీ భుజానికి తగిలించుకుంది.

ఆ కదలికే అతన్ని బెదరగొట్టింది.

"వద్దంటే వద్దు!" అన్నాడు. రెండడుగుల్లో వీధి గుమ్మం దగ్గరికి చేరి, ద్వారబంధానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. రెండో చేతిలో ఎక్స్‌రే కవరు నలుగుతోంది. "నేను సంతకం పెట్టను. నాన్నను నేను. నేను పెట్టకుంటే ఎవురు కోస్తారో చూస్తా."

"అమ్మ పెట్టినా చాలంట. నర్సును అడిగినాను."

"అడిగినావా? నాకు తెలీకుండా?"

"నీకు తెలీకుండా నేను ఒగ మాట అడిగినాను. నాకు తెలీకుండా నువ్వేం చేసినావు?"

వసారాలో ఎవరో నవ్వు ఆపుకున్నట్టు దగ్గారు. మాదేశ్ ముఖం నల్లబడింది.

"అట్లయితే సంతకం పెట్టుకో. పెట్టి, ఆడనుంచి అట్లే క్రిష్ణగిరికి పో, మీ అమ్మోళ్ళింటికి. ఈ గడప దాటితే మళ్ళా ఈడికి రాబాకు."

అన్న తర్వాత అతనికే ఆ మాట పెద్దదిగా వినిపించినట్టుంది. అయినా చెయ్యి దించలేదు.

సుధామణి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. అడ్డంగా ఉన్న చెయ్యి ఆమె మెడ ఎత్తున ఉంది. తోసుకుని పోవచ్చు. వంగి పోవచ్చు. ఆమె రెండూ చెయ్యలేదు. వసారాలో అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి.

"ఊరికే ఉండరా మాదేశా, చెయ్యి తియ్యి," అంది పుట్టమ్మ బయటి నుంచి. "ఆడకూతురు యాడ పోతుంది? మీ అమ్మ ఒత్తితే అదే సరిపోతుంది. రక్తం గిక్తం అని పట్టుకోనుంటే ఎట్ల? ఏం వరమ్మక్కా, నీ మనవరాలే గదా. మా పిల్లకు ముందర దానికే ఒత్తు."

ఇంకో ఆమె కూడా అవునంది. ఆమె ఒడిలోని పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

మాదేశ్ తల్లి వైపు తిరిగాడు. ఇంతసేపట్లో ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

"చెయ్యమ్మా. నువ్వు చేస్తే గోరు తగలదు. నీ చెయ్యి తప్పదు. చెప్పమ్మా దీనికి."

సుధామణి కూడా వరమ్మ వైపు చూసింది. సంచీ పట్టీని గట్టిగా పట్టుకుంది.

వరమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చూపుడువేలికి ఇందాక అంటిన రాతిపొడి ఇంకా తెల్లగా ఉంది. ఆమె ఆ వేలిని చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. నెమ్మదిగా, రెండు వైపులా తుడుచుకుంది.

తర్వాత చాప దగ్గరికి వెళ్ళి వంగింది. మనవరాలి ముందుకు పోయి, ముఖం కనబడేలా కూర్చుని, లెమ్మన్నట్టు తల ఊపింది. లోషిణి పెన్సిళ్ళు పెట్టెలో పెట్టింది. వరమ్మ తన కొంగుతో పిల్ల పెదవులు తుడిచింది.

మాదేశ్ ముఖంలో కొంచెం ఊరట కనిపించింది. పుట్టమ్మ పసుపు గిన్నెను మెట్టు మీదికి జరిపింది.

వరమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. కొడుకు ఎదుట ఆగి, అతని చేతిలోని ఎక్స్‌రే కవరు పట్టుకుంది. అతను వెంటనే వదల్లేదు. ఆమె లాగలేదు కూడా. పట్టుకుని నిలబడింది, అంతే. కొంతసేపటికి అతని వేళ్ళే సడలిపోయాయి.

కవరును చంకలో పెట్టుకుంది. పిల్లను ముందు నడిపించి, తనూ వంగి, కొడుకు చేతి కింద నుంచి వసారాలోకి దాటింది.

"ఏమక్కా? యాడికి?" అంది పుట్టమ్మ. "మా పిల్లకు ఒత్తవా? పరగడుపున ఉండాదే!"

వరమ్మ చెప్పులు వేసుకుంది. మనవరాలి చెప్పులకు బకిల్ పెట్టింది. చంకలో కవరు బయటికే ఉంది. దాని మీద ఆస్పత్రి పేరు పెద్ద అక్షరాలతో ఉంది. కూర్చున్న ముగ్గురూ దాన్ని చూశారు. వరమ్మ దాన్ని కొంగు కింద దాచుకోలేదు.

మెట్లు దిగింది. వీధిలో ఎడమకు తిరిగింది. రాయకోట బస్సులు వెళ్ళే వైపు కాదు, హోసూరు బస్సు ఆగే వైపు. లోషిణి రెండుసార్లు వెనక్కి తిరిగి అమ్మ వస్తోందేమోనని చూసింది. వరమ్మ ఒక్కసారీ తిరగలేదు.

సుధామణి గుమ్మం లోపలే ఉంది. మాదేశ్ చెయ్యి ఇంకా ద్వారబంధం మీదే ఉంది.